అద్దం కొలతలు

సామ్తాలో మొదటి పేలుడుకు పలిగింది ఒక్కటే అద్దం,
ముల్తాను గుల్షేర్ కటింగ్ షాపుది.
నాలుగు మిల్లీమీటర్ల మందం.
కొత్తది బిగించి పుట్టీ ఆరేదాకా కూసున్నం.
నాకూ ముస్లిహ్‌కూ ఊరికే గడ్డం గీసిండు గుల్షేర్.
ఆనాడు గుట్టల దిక్కు చూసి అందరూ నవ్విన్రు.
చేతగానోని రాయి, ఇంతదూరం ఎట్లొచ్చిందో
అన్నడు కఫీలు.

రెండో నెలకు కొలతల పుస్తకంల మూడు పేజీలు నిండినయి.
బడి. బ్యాంకు. ఖర్జూరాల కొట్టు.
పెండ్లిళ్ళ హాలు, పెండ్లి నడుమల.
ఆరు మిల్లీమీటర్లది అడుగుడు మొదలువెట్టిన్రు.
ఇటునుంచి విమానాలు పొద్దుగాల పోయేటివి,
అటునుంచి జవాబు మాపటికి దిగేటిది.
రానురాను ఏది మాట, ఏది జవాబు
చెప్పేటోడు లేకుంట పోయిండు.

గాలిలోనే కూల్చినం, అంటది రేడియో.
కూల్చినది గాలిలోనే ఉంటదా?
తునకలైనా ఎవని నెత్తిమీదనో వడాలె గదా.
ఎనిమిది మిల్లీమీటర్లు. లోపట ప్లాస్టిక్ పొర.
పలిగినా రాలదు, సాలెగూడు లెక్క నిలవడుతది.
దాని ఎనుకనుంచి చూస్తే
వీధిల మనుషులందరు ముక్కలు ముక్కలుగ నడిచేది.

ముస్లిహ్‌ది ఆ గుట్టల అవతలి ఊరు.
వాళ్ళక్కది రాతి ఇల్లు, కిటికీలకు చెక్క తలుపులు.
మా దగ్గర అద్దాలు పలగవు బోశెట్టీ, అన్నడొకనాడు.
(పోశెట్టిలో 'ప' ఇక్కడెవ్వరికీ పలకదు.)
గొప్పకు చెప్తున్నడనుకున్న.
చాయ్ తాగినంక చెప్పిండు:
అక్కడ పలిగేది గోడ.

సరిహద్దును వాడు హుదూద్ అంటడు.
మా హద్దే గదరా అది, అన్న.
మా కోరుట్ల దిక్కు హద్దంటే రాయి.
రాత్రికి రాత్రి జరిపేటోళ్ళున్నరు,
దానికోసం గొడ్డళ్ళు లేపిన అన్నదమ్ములను చూసిన,
పంచాయితి ఒడిసినంక
ఒకే సైకిల్ మీద ఇంటికి పోయిందీ చూసిన.
చానసేపు నవ్విండు ముస్లిహ్.
నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంట అన్నడు,
ఇక్కడ రాయిని జరిపేటోడు కనవడడు,
రాయే ఎగిరొస్తది.

చలికాలానికి ఊరు సగం ఖాళీ.
ఖర్జూరాల కొట్టు ముంగట ఇసుక సంచులు.
గుల్షేర్ కత్తెరలు మూటగట్టుకొని పోయిండు.
అద్దాల లారీ నడిదారిల ఆగింది,
ఇక ముందుకు బీమా లేదన్నడట డ్రైవరు.
కఫీలు ఇటుకలు దింపిచ్చిండు.
అద్దం పోయి అడ్డమొచ్చె,
మారింది ఒక్క అక్షరమే.

సుతారి పని నాకెన్నడు రాదు.
నేను పెట్టిన వరుస వంకరపోతే
ముస్లిహ్ పలుగుతాడు పట్టి సరిచేసేది.
రాతి ఇండ్ల ఊరోడు, వానికి చెయ్యి తిరిగింది.

ఆఖరి ఇల్లు ఉమ్ జాబిర్‌ది.
కోడలు పిల్లలను తీస్కొని అభాకు పోయింది,
ముసలామె ఒక్కతే మేకలకోసం ఆగింది.
ఉత్తరం కిటికీ మూసినం. దక్షిణంది మూసినం.
తూర్పుది ముయ్యవోతే నా చెయ్యి పట్టింది.
ఒక్క ఇటుక ఇడువు.
ఎందుకమ్మా?
నా మేకలు అటే మేస్తయి.

అటు మేకలు లేవు.
పోయినవారం మోతకు బెదిరి
కంచె తెగినకాడ అవతలికి ఉరికినయట.
అటోళ్ళు పిండుకుంటున్నరేమో, అన్న నోరు జారి.
పిండుకోనీ బిడ్డా,
పిండకపోతే పొదుగు సలుపుతది, అన్నది.

అలవాటున టేపు తీసిన.
తొమ్మిది అంగుళాలు, మూడు.
అంత సన్నపు అద్దం ఎవడూ కొయ్యడు.
ముస్లిహ్ వంగి ఆ సందుకు కన్ను ఆనిచ్చిండు.
ఎంతసేపో ఏమో,
నా తాపీ మీది సిమెంటు గట్టివడ్డది.
ఏం కనవడ్డదని నేనడగలేదు,
వాడు చెప్పలేదు.

మాపటికి కఫీలు లెక్క చూసిండు.
కిటికీకి ఇన్ని అని రాసిచ్చినోడు గదా,
ఒక ఇటుక తక్కువ వట్టిందేంది, మిగిలింది ఏది, అన్నడు.
పలిగిందని చెప్పిన.